పెట్టె మీద కప్పిన చొక్కా

ఇంట్లో నెట్ రావడానికి డిస్క్ అక్కర్లేదమ్మా. కంప్యూటర్ కూడా అక్కర్లేదు. ఫోన్ ఉంటే చాలు, పావుగంటలో అయిపోతుంది. నువ్వు అడగలేదని తెలుసు. కానీ ముందు ఇది రాసేయాలి, లేకపోతే మళ్లీ రాయలేను.

అందరం బాగున్నాం అనేది పైన రాయాలని నువ్వే నేర్పావు. సరే. చెల్లి బాగుంది. పిన్ని రోజూ పొద్దున్నే వచ్చి నాన్నకి కట్టు మార్చి పోతోంది. నేను ఉన్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. చెల్లికి ఊడిన పన్ను చోట కొత్తది తొంగి చూస్తోంది, అద్దం ముందు నుంచి కదలట్లేదు. నాన్న పల్చటివి మింగుతున్నాడు. ఊపిరి మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే. దగ్గు కూడా అక్కణ్నించే వస్తుంది. మొదట్లో చెల్లి జడుసుకుంది, ఇప్పుడు తనే గుడ్డ అందిస్తోంది. ఇక మాట రాదు కదా, ఏం కావాలన్నా చెల్లి పలక మీద రాస్తాడు. "కోడి కెలికినట్టుంది నాన్నా" అని చెల్లి మార్కులేస్తుంది. మొన్న పదికి మూడేసింది. నాన్న నవ్వాడు. నవ్వుకి చప్పుడు లేదు.

ఇక మూడోది. గొంతు ఆపరేషన్‌కి ముందు మీ నాన్న నాతో ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడలేదు, ఇల్లు వదిలి ఇంత దూరం పనికొచ్చానని కోపమా, నిన్న వీడియోలో మొహం ఎందుకు తిప్పుకున్నాడు అన్నావు. రెండుసార్లు అడిగావు. కోపం కాదమ్మా. ఏడుపొచ్చి తిప్పుకున్నాడు. మాట్లాడకపోవడం నా వల్ల.

నెట్ లైన్ ఇంకా రాలేదని, గదిలో సిగ్నల్ అందక, నీకు రోజూ రోడ్డు మీదికెళ్లి మెసేజ్ పెట్టాను కదా. లైన్ వచ్చేసింది. ఆపరేషన్‌కి ఎనిమిది రోజుల ముందే వచ్చింది.

ఆ రోజు పిన్ని నాన్నని టెస్టులకి తీసుకెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్నే. లైన్ మనిషి వచ్చాడు, భుజాన వైరు చుట్ట, నోట్లో రెండు మేకులు. మన గది నేల కింద ఉందని గొణుగుతూనే కిటికీలోంచి వైరు లాగి, తలుపు పైన పెట్టె బిగించాడు. నా చేతిలో ఒక డిస్కూ, మడత పెట్టిన కాగితమూ పెట్టాడు.

"కంప్యూటర్ ఎక్కడుంది?" అన్నాడు.

నేను డిస్క్‌ని అటూ ఇటూ తిప్పాను.

"నిన్నేరా. నోట్లో నాలుక లేదా? ఉందా లేదా?"

"ఊఁ" అన్నాను.

"అయితే ఇది అందులో వేసి, నెక్స్ట్ అని వచ్చినప్పుడల్లా నొక్కు. పది నిమిషాలు. పాలు తాగే పిల్లాడైనా చేస్తాడు" అని మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పాలు తాగే పిల్లాడైనా అన్నాక ఇంకేం అడుగుతాను. మనకి కంప్యూటర్ ఎక్కడిదమ్మా. కాగితం విప్పితే అన్నీ ఇంగ్లీషు. పైగా లైన్ సంగతి నేను చూసుకుంటా, మీరెవరూ కంగారు పడకండి అని నాన్నకి ముందే గొప్పలు పోయి ఉన్నాను. బడి మానేశాక ఆయన నాకు ఒప్పజెప్పిన మొదటి పెద్ద పని అది.

పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. వాళ్లొచ్చేసరికి దాని మీద నా చొక్కా తగిలించాను. రేపు ఎలాగోలా చేసేస్తే చొక్కా తీసేయొచ్చు అనుకున్నాను.

మర్నాడు వీధి చివర సెల్ రిపేర్ అక్క కొట్టు దాకా వెళ్లాను. జనం ఉన్నారు. వచ్చేశాను. ఆ తర్వాతి రోజు ఎవరూ లేరు. "ఏం కావాలి తమ్ముడూ?" అంది. "ఏం లేదక్కా" అని వచ్చేశాను. అలా నాలుగుసార్లు.

నాన్న మాత్రం లైనొస్తే నీతో మాట్లాడొచ్చని రోజూ ఏడున్నరకి తల దువ్వుకుని కూర్చునేవాడు. పని దగ్గర నీకు ఫోన్ ఎనిమిదికి గాని చేతికివ్వరు కదా, ఆ టైముకి. గొంతు అప్పటికే బొంగురు. మెట్లెక్కితే ఆయాసం, రోడ్డు మీదికి రాలేడు. రికార్డు చేసి పంపుదాం నాన్నా అన్నాను.

"రికార్డు ఎందుకురా? నేనొకటంటే మీ అమ్మ పది అనాలి. ఆ పదీ విని నేను మళ్లీ ఒకటనాలి. అదీ మాట్లాడటమంటే" అన్నాడు. ఇంకోరోజు నా నెత్తి మీద మొట్టి, "ఇంట్లో ఒక మూగోడు సరిపోడా, నేను కూడా తయారవ్వాలా?" అన్నాడు. చెల్లి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. చొక్కాలోంచి ఎర్ర లైటు కనపడుతోంది. ఆయనకి అటు వీపు.

ఆపరేషన్ రోజు పొద్దున్న పక్కింటివాళ్లిద్దరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోశారు. ఆసుపత్రిలో సిగ్నల్ ఉంది, నీకే చేతిలో ఫోన్ లేదు. లోపలికి తీసుకెళ్తుంటే నాన్న నా చెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్లి లైనొచ్చిందేమో చూడరా" అన్నాడు. అంతే. ఆయన గొంతులోంచి నేను విన్న ఆఖరి మాట అదే.

ఆ సాయంత్రం అక్క కొట్టుకెళ్లాను. నలుగురున్నారు. అయినా అడిగాను. డిస్క్ చూసి, "దీన్ని కిటికీకి కట్టు, పిట్టలు రాకుండా ఉంటాయి" అంది. నాతో పాటు ఇంటికొచ్చింది. చొక్కా తీసి, పెట్టె కింద అంటించిన చీటీ చూపించింది. నా ఫోన్‌ని ఆ పెట్టెకి కలిపింది. చీటీ మీది అంకెలు, మధ్యలో చుక్కలతో సహా, ఫోన్‌లో నాతోనే కొట్టించింది. ఒక పేజీ వచ్చింది. లైన్ మనిషి ఇచ్చిన కాగితంలోని పేరు, పాస్‌వర్డ్ అందులో వేసి నొక్కమంది. ఒక్కో అక్షరం బొమ్మ పోల్చుకుంటూ కొట్టాను. ఎర్ర లైటు పోయి పచ్చది వచ్చింది.

"ఎప్పుడు బిగించారు?" అంది.

"ఇవాళే" అన్నాను.



నాన్నకి ఇవేవీ తెలీదు. ఆసుపత్రి నుంచి వచ్చాక పెట్టె చూసి పలక మీద, "ఒక్కరోజు ముందొస్తే వాళ్ల సొమ్మేం పోయింది?" అని రాశాడు. నేను తల ఊపాను. అమ్మతో ఏం చెప్పాలనుకున్నావు నాన్నా, రాయి, నేను పంపిస్తా అన్నాను. బలపం తీసుకున్నాడు. "రాసేది కాదు" అని రాసి చెరిపేశాడు.

నన్ను తిట్టు. కానీ ఆయనకి నీ మీద కోపం అని మాత్రం అనుకోకు.

ఇట్లు,
గొంతు ఉండీ నోరు విప్పని
నీ మూగోడు

ఎనిమిదికి నువ్వు ఫోన్ చేస్తావు, ఆయన తల దువ్వుకుని ముందు కూర్చుంటాడు. చొక్కా సంగతి ఆయనకి నేను చెప్పాలా, నువ్వు చెప్తావా అమ్మా?