మిరప కుండీల అడుగున కవర్లు

అశ్రితా, కీసరలో మీ పెద్దమ్మకు జ్వరమట, ఏమైందోనని పరుగున పోతున్నాను. నువ్వు కాలేజీ నుంచి రాగానే మేడ మీదికి వెళ్లు. పాత జీన్సు ప్యాంట్లతో నువ్వు కుట్టిన మిరప కుండీల్లో గోడ పక్కవి మూడున్నాయి కదా, వాటి లోపల అడుగున ప్లాస్టిక్ కవర్లున్నాయి. నువ్వు మట్టి నింపకముందే నేను పెట్టాను. గుడ్డలోంచి నీళ్లు కారి స్లాబు నానుతుందని, ఇల్లు మన నెత్తిన పడుతుందని భయమేసింది. ఇప్పుడు వాన నీళ్లు నిలిచి ఆ మూడు మొక్కలూ వాడిపోయాయి. నేను ముట్టని నాలుగూ విరగకాశాయి.

దబ్బనంతో కింది నుంచి పొడిచి కవర్లకు చిల్లులు పెట్టు. వేళ్లు జాగ్రత్త బిడ్డా. నేనే పొడుద్దును గానీ, నీ కుట్టు ఎక్కడ తెగుతుందోనని చెయ్యి రాలేదు. మొన్న మట్టి నిండిన కుండీని మీ బాపు పిడులు పట్టి లేపితే ఒక్క దారం సడలలేదు. "బిడ్డ నిన్ను మించిందే" అన్నాడు. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, కుండీ అడుగున రెండు వరుసల కుట్టు వేయాలని నాకైతే తోచేది కాదు. తిట్టాలనుంటే నేను వచ్చాక తిట్టు.

అమ్మ

మరిచాను. పక్కింటి నర్సమ్మ వచ్చి "అక్కా, గసొంటి కుండీలు నాకు గూడ కుట్టియ్యరాదు?" అని అడిగింది. నాకు రాదు, మా అశ్రితను అడుగు అన్నాను.