ఎదురింటి వైపు తిరిగిన హెల్మెట్

2 ఫిబ్రవరి 2025, ఆదివారం

అటక మీది సామానంతా దించాను. మా ఆయన మునిచంద్ర పోయి రెండేళ్ళు. ఇంకా ఆయన వస్తువులకు కాపలా కాస్తూ కూర్చున్నాను. పాత సామాన్ల వాడికి వేయబుద్ధి కాలేదు. ఇంట్లో ఉంచుకోబుద్ధీ కాలేదు. యూట్యూబ్‌లో ఎవరో చిరిగిన బూట్లలో మొక్కలు పెంచుతుంటే చూశాను. సరే, మనమూ చేద్దాం. చిత్తూరు ఎండకు, మూడు రోజులకోసారి వచ్చే నీళ్ళకు గులాబీలు బతకవు. బతికేవే పెడతాను.

టిఫిన్ క్యారియర్ గిన్నెల్లో టేబుల్ రోజ్. చెడిపోయిన వాషింగ్ మెషీన్ డ్రమ్ములో బ్రహ్మజెముడు. ఆయన బూట్లలో బిళ్ళగన్నేరు. హెల్మెట్‌ను తిరగేసి, చువ్వ కాల్చి అడుగున బొక్కలు పెట్టి, మట్టి నింపి కలబంద నాటాను. ఆ హెల్మెట్ మీద ఒక్క గీత కూడా లేదు. ఆ రోజు పెట్టుకోలేదు కదా.

9 ఫిబ్రవరి, ఆదివారం

ఎదురింటి వసంతమ్మ వచ్చింది. పదహారేళ్ళుగా ఎదురెదురు ఇళ్ళు మావి. గేటు బయటే నిలబడి నా తోటకు సర్టిఫికెట్ ఇచ్చింది. పోయినోళ్ళ వస్తువులు వాకిట్లో పెట్టకూడదట. ముళ్ళ చెట్లుంటే కొట్లాటలు వస్తాయట. కొట్లాటలు ముళ్ళ వల్ల రావక్కా, నోళ్ళ వల్ల వస్తాయి అన్నాను. మొహం ముడుచుకుని పోయింది.

1 మార్చి, శనివారం

వసంతమ్మ కూతురు మోహన కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. వీధిలోంచే కోమలత్తా అని కేక. దానికి అక్షరాలు దిద్దించింది నేను, టెన్త్ దాకా లెక్కలు చెప్పింది నేను. బూట్లలో పువ్వులు చూసి కడుపు పట్టుకుని నవ్వింది. మామ ఇప్పుడు నడిస్తే ఎంత బాగుండునో అంది. ఇంకెవరైనా ఆ మాట అనుంటే చంపేసేదాన్ని. టేబుల్ రోజ్ కొమ్మ ఒకటి తుంచి ఇచ్చాను. తొమ్మిదో తేదీ సీమంతానికి అందరికంటే ముందు రావాలంది.

9 మార్చి, ఆదివారం, మధ్యాహ్నం 2

రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు తీసుకుని పోయాను. ఆడవాళ్ళందరితో పాటు వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి వసంతమ్మ నా చేతిలోని పళ్ళెం అందుకుని, పంక్తి వేస్తున్నారు, పోయి తిను అంది. నవ్వుతూనే. నా గాజులు వాళ్ళ చుట్టం ఎవరో తొడిగింది. మోహన తల ఎత్తలేదు.

మొగుడు లేనిదాని చెయ్యి తగలకూడదు. అంతే సంగతి. తినకుండా వచ్చేశాను.

సాయంత్రం 5

కిటికీలకు వేయగా మిగిలిన తెల్ల ఎనామెల్ ఉంది. హెల్మెట్ మీద రెండు కళ్ళు గీశాను. పెద్దవి. కింద ఎర్రగా నాలుక. దొర్లిపోకుండా చుట్టకుదురు వేసి గేటు దిమ్మె మీద కూర్చోబెట్టాను. కళ్ళు సరిగ్గా వాళ్ళ గేటు వైపు. కడుపు చల్లబడింది.

17 మార్చి, సోమవారం

వాళ్ళింటికి బూడిద గుమ్మడికాయ కట్టారు. నిమ్మకాయలు, మిరపకాయలు. మధ్యాహ్నానికి నల్లతాడు కూడా. నేను మొక్కలు పెట్టిన పాత వాష్‌బేసిన్‌కు కూడా కళ్ళు పెట్టాను.

23 మార్చి, ఆదివారం

వసంతమ్మ భర్త వెంకటముని వచ్చాడు. మామిడికాయల మండీలో పని, నోట్లో నాలుక లేని మనిషి. తనకు ఇలాంటి నమ్మకాలు లేవట, కానీ ఇంట్లో ముద్ద దిగడం లేదట. మీ ఆవిడనే రమ్మనండి అన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

6 ఏప్రిల్, ఆదివారం

వచ్చింది. లోపలికి అడుగు పెట్టలేదు. గేటు చువ్వలు పట్టుకుని నిలబడింది.

"కోమలీ, కోపముంటే నన్ను తిట్టు. సచ్చినోడి టోపీకి కండ్లు పెట్టి కడుపుతో ఉండే బిడ్డ మీదికి తిప్పినావే. ఈ రెండు నెల్లు అట్లా తిప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"గాజులు తొడిగే దానికి పనికిరాని దాన్ని. నా ఇంటి కండ్లకు అంత బలం యాడిది వసంతమ్మా?"

పదహారేళ్ళుగా అక్కా అన్నదాన్ని. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. చాలా సుఖంగా ఉంది.

20 ఏప్రిల్, ఆదివారం

వాళ్ళమ్మ బజారుకు పోయినప్పుడు మోహన వచ్చింది. కళ్ళ కింద నలుపు. నాకేం భయం లేదత్తా అంది. వాళ్ళమ్మే రోజుకు ఐదుసార్లు దిష్టి తీస్తోందట, కిటికీలు తీయనివ్వదట. ఇక లాభం లేదని కాళహస్తిలో పెద్దమ్మ ఇంటికి పంపించే ఆలోచనలో ఉందట.

ఇప్పుడు దానికి ఎనిమిదో నెల. ఎనిమిదో నెలలో మనిషిని ఉన్నచోటు నుంచి కదిలించకూడదని ఈ వీధిలో కడుపుతో ఉన్న ఎవరిని చూసినా చెప్పేది వసంతమ్మే. అలాంటిది వంద కిలోమీటర్లు పంపిస్తుందట.

అమ్మ కోసం కొంచెం తిప్పకూడదా అని అడిగింది మోహన. తిప్పుతాను, నన్ను పిలిచి, ఆవిడ కళ్ళ ముందే నీకు ఒక్క గాజు తొడగనిస్తే చాలు అన్నాను. అడిగి చూస్తానంది.

21 ఏప్రిల్

ఎవరూ పిలవలేదు.

22 ఏప్రిల్

ఎవరూ పిలవలేదు. నేనూ తిప్పలేదు.

24 ఏప్రిల్, గురువారం, ఉదయం 5.30

వాళ్ళ వాకిట్లో కారు. వెనక సీట్లో దిండ్లు సర్ది మోహనను ఎక్కించారు. నా గేటుకూ దానికీ మధ్య వసంతమ్మ దుప్పటి అడ్డం పట్టుకుంది. నేను మొక్కలకు నీళ్ళు పడుతున్నాను. దిమ్మె నాకు నాలుగు అడుగుల దూరం. నాలుగు అడుగులు వేసి హెల్మెట్ ఇటు తిప్పితే కారు ఆగేదేమో. వేయలేదు. ఆవిడే పిలవాలనుకున్నాను.

మధ్యాహ్నం 1

ఆఫీసులో ఉండగా వెంకటముని ఫోను. పాకాల దాటగానే నొప్పులట. తిరుపతిలో ఏదో ఆస్పత్రిలో చేర్చారు. ఆడపిల్ల. కిలోన్నర. అద్దాల పెట్టెలో పెట్టారు. మోహనకు రక్తం ఎక్కిస్తున్నారు. ఏడుస్తూ చెప్పాడు. నాకెందుకు చేశాడో తెలియదు. బహుశా చేతికి అందిన నంబర్లన్నిటికీ చేసుంటాడు.

సాయంత్రం 6

దిష్టి ఒట్టిదని నాకు తెలుసు. కళ్ళు పెట్టిన రోజూ తెలుసు. అది నమ్మేదాన్ని భయపెట్టడానికే పెట్టాను, బాగా పనిచేసింది. ఆ పిల్ల కారెక్కింది నా వల్ల. వసంతమ్మ వల్ల కూడా అని రాసుకోవచ్చు, రాస్తాను కూడా. కానీ ఆవిడ భయపడి చేసింది. నేను తెలిసి చేశాను.

ఇటుక ముక్కతో ఎనామెల్ గీకాను. సగం కూడా పోలేదు. హెల్మెట్‌నూ వాష్‌బేసిన్‌నూ మొక్కలతో సహా మున్సిపాలిటీ చెత్త బండిలో వేసేశాను.

27 ఏప్రిల్, ఆదివారం

తిరుపతి బస్సెక్కి ఆస్పత్రికి పోయాను. వసంతమ్మ వరండాలో కింద కూర్చుని ఉంది. తిడుతుందనుకుని, తిట్టించుకోవడానికే పోయాను. తిట్టలేదు. లేచి వార్డు తలుపుకు అడ్డంగా నిలబడింది, అంతే. నేను తెచ్చిన ఫ్లాస్కు అందుకోలేదు. ఆవిడ కూర్చున్న చోట పెట్టి వచ్చేశాను. తిరుగు బస్సులో ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. పాకాల దాకా వచ్చింది, తర్వాత రాలేదు.

1 జూన్, ఆదివారం, ఉదయం 7

బిడ్డ ఇంటికి వచ్చింది. మోహన గేటు దగ్గర స్టూలు వేసుకుని, లేత ఎండ తగిలేలా ఒళ్ళో పడుకోబెట్టుకుంది. వసంతమ్మ లేదు, తనొక్కతే ఉంది. నేను పేపర్ కోసం తలుపు తీశాను. నా దిమ్మె మీద ఏమీ లేదు. మోహన తలెత్తి నన్ను చూసింది, పైట కొంగుతో బిడ్డ మొహం కప్పింది.