నా చేతి పైపులకు ఐదేండ్లే

చిత్తూరు టౌను, గ్రీమ్స్‌పేటలో కాపురముండి, బైపాసు రోడ్డు పక్కన హోస్ పైపుల షాపు నడుపుతున్న భారతమ్మ అనే నేను, కీర్తిశేషులు సుందరరాజు గారి కుమార్తెను, దేవరాజులు గారి భార్యను, వయసు అరవై ఒకటి, నా స్వహస్తంతో రాసుకుంటున్న వీలునామా. లివరు చెడిపోయింది గానీ తల చెడిపోలేదని తిరుపతి ఆస్పత్రి డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం దీనికి జత చేశాను. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగల మనిషి ఇంకా పుట్టలేదని నా బంధువులందరూ చెప్పగలరు. ఇంతకుముందు నేను వేరే వీలునామా రాసి ఉండలేదు.

లాయరు జయచంద్ర గారు పద్ధతిగా ముసాయిదా తయారు చేసి ఇచ్చారు. చదివితే అది నేను రాసినట్టు లేదు. అందుకని ఆయన వేసిన వరస నంబర్లు ఉంచుకొని మిగతాది నేనే రాశాను. నా భర్త నాకు మేనమామ కొడుకు. ‘సదరు భర్త’ అని రాయడానికి నా చెయ్యి పోవడం లేదు. బావ అనే రాస్తాను.

1. ఈ వీలునామాను అమలు జరపవలసిన బాధ్యత నా ఒక్కగానొక్క కూతురు సుజనది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేస్తుంది. బాగాలేని సరుకును మొహంమీదే వద్దంటుంది. బావకు మొహమాటం ఎక్కువ, ఆయనకు ఈ పని అప్పజెప్పితే అందరికీ అన్నీ ఇచ్చేస్తాడు.

2. గ్రీమ్స్‌పేట ఇల్లు నా స్వార్జితం. బావ బతికి ఉన్నంతకాలం అందులో ఉండవలెను, ఆయన తదనంతరం సుజనకు సర్వహక్కులతో చెందవలెను. బావ తాను కట్టుకుంటున్న విమానానికి మేడమీది గదిలో రెక్క కట్టి, అది తలుపులోనూ మెట్లమీదా పట్టదని కట్టడమంతా అయ్యాక తెలుసుకొని, గోడ పగలగొట్టి కిందికి దించిన విషయం వీధివాళ్ళందరికీ తెలుసు. ఆ గోడకు ఇటుకలు పెట్టారు గానీ పూత పూయలేదు. పూత పని బావ వంతు. సుజన చేయించకూడదు.

3. షాపులోని కోత మిషను, బిగింపు మిషను, ప్రెషరు పెట్టి చూసే పంపు, నిలవ సరుకు, నాయన పేరున్న బోర్డు, అన్నీ నాతో పాటు ఇన్నేండ్లు పని చేసిన ఇమ్మానుయేలుకు చెందవలెను. క్వారీ మిషన్లకు, జేసీబీలకు, ట్రాక్టర్లకు ఇద్దరం కలిసి పైపులు చేశాము. క్వారీ ఆగిపోయిందని ఫోను వస్తే, ఆదివారమైనా చర్చికి పోయే ముందు వచ్చి షట్టరు తీసేవాడు. అతనికి షరతు ఒక్కటే.

పైపు చివర ఫిట్టింగు తోసేటప్పుడు ఒక్కోసారి లోపలి రబ్బరు చీలి, చిన్న నాలుకలాగా పైకి లేస్తుంది. బయటినుంచి కనబడదు. ప్రెషరు పెట్టినా కారదు. కానీ ఏదో ఒకరోజు దారికి అడ్డం పడి, నూనె అయినా పెట్రోలు అయినా ముందుకు పోకుండా ఆపేస్తుంది. దీనికి నాయన ఒక పద్ధతి పెట్టాడు. కొన్నవాణ్ణి దోసిలి పట్టమని, పై చివరనుంచి ఉక్కు గోలీ వదిలేవాడు. ఒక్కో లావు పైపుకు ఒక్కో గోలీ. అది దోసిట్లో పడితేనే సరుకు గడప దాటేది. తొందరలో ఉండే క్వారీ మేస్త్రీలు తిట్టుకుంటూనే దోసిలి పట్టేవాళ్ళు. ఇమ్మానుయేలు ఈ పద్ధతి మానకూడదు. గోలీలు అతను కొత్తవి తెచ్చుకోవలెను. నాయన వక్కపొడి డబ్బాలో ఉన్న గోలీలు ఎవరికో కింద రాస్తాను.

4. నా కమ్మలు, గొలుసు, బ్యాంకులో ఉన్నది సుజనకు. వాటితో పాటు నా తోలు గ్లౌజులు కూడా దానికే. ఆడపిల్ల చేతికి సరిపడేవి బజారులో దొరకవని నాయన తిరుపతిలో చెప్పులు కుట్టే ఆయన దగ్గర కూర్చొని కుట్టించాడు. నా పెళ్ళి పట్టుచీర కంటే వాటిని జాగ్రత్తగా చూసుకున్నాను. సుజన వేసుకోకపోయినా పరవాలేదు. బీరువాలో ఉంటే నాకు తృప్తి.

5. పాకాల దారిలోని మామిడితోట, అందులోని షెడ్డు నాకు నాయన ఇచ్చినవి. బావకు చెందవలెను. షెడ్డులోని రెండు సీట్ల విమానం ఆయనదే, దాన్ని రాసివ్వడానికి నాకు హక్కు లేదు. ఎయిర్‌ఫోర్సులో ఇంజిన్ల పని చేసి రిటైరై వచ్చి, విమానం నడిపే లైసెన్సు కూడా తెచ్చుకొని, ఇన్నేండ్లూ ఒక్కో ముక్కా ఆయనే కట్టుకున్నాడు. ఇంజిను దాని చోట కూర్చుంది. రెక్కలు కూర్చున్నాయి. ఇంజినుకు పెట్రోలు, ఆయిలు తీసుకుపోయే ఆరు పైపులు మాత్రం లేవు. పెండ్లాముది పైపుల షాపు, మొగుడి విమానానికి పైపుల్లేవని ఊరంతా నవ్వింది. జరిగిందేమిటో నవ్వినవాళ్ళకు తెలియదు.

బావ నన్ను చేయమన్నాడు. నేను చేయనన్నాను. విమానం పైపులు చేసే కంపెనీలు ఉన్నాయి, ఒక్కోదానికీ పరీక్ష కాగితం ఇస్తారు, కొనమన్నాను. ఆయన ఒకటే మాట. “కొన్న పైపు చేసినోడు ఎవురో నాకు తెలీదు. నీ చెయ్యి నాకు తెలుసు.” నాదీ ఒకటే మాట. “జేసీబీ పైపు పగిలితే నూనె నేలమీద పడతాది. నీది పగిలితే నువ్వు పడతావు బావా.” ఇద్దరిలో ఎవరూ తగ్గలేదు. విమానం షెడ్డులోనే ఉండిపోయింది.

నా పనిమీద నాకు నమ్మకం లేక కాదు. కానీ నేను చేసిన పైపులు కూడా పగిలాయి. తన పైపు పగలనే పగలదని చెప్పేవాణ్ణి నమ్మకండి. నా చేత్తో చేసింది పగిలి బావ పోతే, ఆ తర్వాత నేను బతకాలి కదా. అది నావల్ల కాదు. ఆయన లేని ఇంట్లో ఒక పూట కూడా నేను ఉండలేను. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు. మొండిదాన్నని అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను.

6. నా తమ్ముడు ధనశేఖర్‌కు తిరుపతిలో ఫొటో స్టూడియో ఉంది. ఎగరని విమానం ఉత్తగా ఎందుకు, పెళ్ళికి ముందు తీసే ఫొటోలకు అద్దెకిద్దామని, రెక్కమీద పూలదండలు వేసి కొలతలు కూడా చూసుకున్నాడు. దానికి వాడిని నేను ఇంకా క్షమించలేదు. అయితే అక్కాబావల తగువు తీరాలని, చెన్నైలో ఒక ఏజెంటును పట్టుకొని, సొంత ఖర్చుతో ఆరు పైపుల సెట్టు తెప్పించింది కూడా వాడే. బావ వాటిని షెడ్డు అటకమీద పెట్టి ముట్టుకోలేదు.

ఈ సంవత్సరం ఆస్పత్రినుంచి వచ్చాక నాకు షాపుకు పోయే ఓపిక లేదు. పొద్దున పూట బావతో పాటు తోటకు పోయి షెడ్డులో కూర్చునేదాన్ని. కూర్చోబుద్ధికాక ఒకరోజు ఆ సెట్టు దించమన్నాను. బావ దోసిలి పట్టాడు, నేను గోలీ వదిలాను. అయిదు పైపులు చక్కగా ఉన్నాయి. ఆరోది పెట్రోలుది. గోలీ లోపలికి పోయింది, బయటికి రాలేదు. బావ దోసిలి అలాగే పట్టుకొని నిలబడ్డాడు. పొడుగునా కోసి చూస్తే రబ్బరు నాలుక. పరీక్ష కాగితంలో అంతా సరిగ్గా ఉన్నట్టే రాసి ఉంది. బావ నా మాట విని ఆ సెట్టు బిగించి ఉంటే ఏమయ్యేదో నేను రాయను.

కొన్నవి చెడ్డవని, చేసినవి మంచివని దీన్నిబట్టి ఎవరూ అనుకోవద్దు. ఎవరు చేసినా ఎవరో ఒకరు గోలీ వదిలి చూడవలెను. నేను చూడకుండా కొనమన్నాను, ఆయన చూడకుండా అటకెక్కించాడు.

కోసిన ఆ పైపును, నాయన చేతి వాచీని ధనశేఖర్‌కు ఇవ్వవలెను. పైపును స్టూడియోలో గోడకు తగిలించుకుంటే సంతోషం. వాచీ వాడు చిన్నప్పటినుంచీ అడుగుతున్నాడు.

7. ముందు పోయేది నేనేనని తేలాక, పోయిన నెలలో ఆరు పైపులు చేశాను. పైపు, ఫిట్టింగులు విమానాలకు వాడేవే, కాగితాలతో సహా తెప్పించాను. కొలత, కోత నావి. బిగించే బలం ఇమ్మానుయేలుది, నా చేతుల్లో ఇప్పుడు అంత లేదు. ఒక ఫిట్టింగు తోసేటప్పుడు నాకు అనుమానం వస్తే, అంతా తీసిపారేసి మళ్ళీ చేశాము. గోలీ వదిలి, ప్రెషరు పెట్టి చూశాము. రెండు చివరలా మూతలు పెట్టి, ఒక్కోదానికి తేదీ కొట్టిన రేకు కట్టి, షెడ్డు బీరువాలో పెట్టాను. ఈ ఆరు పైపులూ, నాయన గోలీల డబ్బా బావకు చెందవలెను. షరతులు ఆయనకే రాస్తున్నాను, లాయరు గారు మన్నించాలి.

బావా, తనిఖీకి వచ్చే ఇంజనీరు చూసి ఒప్పుకుంటేనే వీటిని బిగించు. వద్దంటే నా పేరు చెప్పి వాదించవద్దు. అనుమతి కాగితం చేతికి వచ్చేదాకా నేల విడవవద్దు. బిగించే ముందు ఒక్కోదానిలో నువ్వే గోలీ వదులు, సుజన దోసిలి పడుతుంది. నేను చూశాను కదా అని వదిలేయవద్దు.

రబ్బరుకు వయసుంది. ఎవరు చేసినా ఐదేండ్లు. రేకుమీద తేదీ ఉంది, 2030 అక్టోబరు వచ్చేసరికి ఆరూ తీసెయ్. చూడ్డానికి బాగానే ఉంటాయి, ఇంకో సంవత్సరం ఆగుతాయిలే అనిపిస్తుంది. భారతి చేతివి అని దాచుకోబుద్ధి అవుతుంది. దాచుకోవద్దు. షాపు పద్ధతి ప్రకారం, మళ్ళీ ఎవరూ వాడకుండా రంపంతో రెండుగా కొయ్యి. కోయడానికి నీకు మనసు రాకపోతే సుజనకు ఇవ్వు, అది కోస్తుంది. ఆ తర్వాత కొనుక్కో. కొన్నవాటిలో కూడా గోలీ వదిలి చూసుకో, డబ్బా నీ దగ్గరే ఉంటుంది.

ఐదేండ్లు నేను చూసుకుంటాను. ఆ తర్వాత నువ్వే చూసుకోవాల బావా.

పైన రాసినదంతా నేనే రాసి, చదువుకొని, కింది సాక్షులిద్దరి ఎదుట సంతకం చేశాను. ఇమ్మానుయేలును సాక్షిగా పెడదామంటే, వీలునామాలో ఏదైనా వచ్చేవాళ్ళు సంతకం చేయకూడదని లాయరు గారు అన్నారు. ఈ ఇద్దరికీ నేను ఏమీ ఇవ్వడం లేదు, ఏమీ అనుకోవద్దు.

చిత్తూరు, 14 నవంబరు 2025.

(సంతకం) భారతమ్మ

సాక్షులు:
1. తాయమ్మ, పక్కింటి కాపురస్థురాలు, గ్రీమ్స్‌పేట
2. చిన్నబ్బ, ట్రాక్టరు యజమాని, పాకాల