బూజు తుడిచిన పీపాలు

ఏమండీ,

నిన్నటికి మీరు పోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడికకి మన తెలుగు చర్చి వాళ్ళు వైనరీకే వచ్చారు. వాళ్ళ ముందు పరువు పోకూడదని మీ తమ్ముడు రత్నం మొన్న సెల్లార్ క్లీన్ చేశాడు.

"వైన్ మీద ఇంత మందాన బూజు, వదినా! అంతా తీసేశా. మళ్ళీ పట్టకుండా ఖాళీలో బ్రాందీ పోసి పీపాలు ఫుల్ చేశా" అన్నాడు గొప్పగా.

తీపి పూర్తిగా పోయేదాకా ద్రాక్షరసాన్ని పులియబెట్టి, బ్రాందీ కొలిచి కలిపి, పీపా పైన జానెడు ఖాళీ వదిలేవారు మీరు. అక్కడ పేరుకునే తెల్లటి ఈస్ట్ పొరే వైన్‌ని గాలి నుంచి కాపాడుతుందనీ, బ్రాందీ ఎక్కువైతే ఆ పొర చచ్చిపోతుందనీ వాడికేం తెలుసు? మీరున్నన్నాళ్ళూ సెల్లార్‌లో అడుగుపెట్టిన పాపాన పోలేదు. డెబ్బై తొమ్మిదిలో మన మొదటి పీపాలో పుడితే మీరు ఒక్కో పీపాకీ అంటించుకుంటూ వచ్చిన పొరండీ అది! ఇక ఏ పీపాలోనూ లేదు.

కూడికలో ప్రార్థన కూడా వాడే చేశాడు. "ప్రభువా, మా అన్నయ్య కష్టాన్ని కాపాడుకునే భాగ్యం మాకిచ్చావు" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. సెల్లార్ అద్దంలా ఉందని మెచ్చుకున్నారు.

మీరుంటే వాణ్ణి గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. నేను వాడికి కొసరి కొసరి బిర్యానీ వడ్డించాను.