జల్లించని పిండి

ఖొరోగ్,
నవంబరు 14, శుక్రవారం.

పై వూరి కాలువనీటి పిండిమర నడిపే గులోమ్‌షో అన్నగారికి, మధుమేహ వైద్యురాలు మవ్లూదా సలాములతో వ్రాయునది. మీ ఇంట అందరూ కులాసా అనీ, మర కాలువ ఇంకా గడ్డకట్టలేదనీ తలుస్తాను.

మీ అక్క నజర్‌బేగిమ్ గారి విషయంలో నా చేతకానితనాన్ని దాచకుండా చెప్పుకోవాలి. వేసవిలో ఆమె కాలి చిటికెన వేలిమీది పుండు బఠాణీ గింజంత. నేడు వేలంతా నల్లబడింది. చక్కెర దిగకపోతే పాదం తీసివేయక తప్పదు. మందు మార్చాను, మోతాదు పెంచాను. వారానికి ఒకసారి వెళ్ళేదాన్ని మూడుసార్లు వెళ్తున్నాను. వెళ్ళేకొద్దీ చక్కెర పెరుగుతూనే ఉంది.

మీరు బార్లీ, బఠాణీలు పొట్టుతోనే మరపట్టి పంపే పిండి చాలునని మొదటే చెప్పాను. గింజను పొట్టుతో తింటే చక్కెర నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. కానీ నేను వెళ్ళేసరికి భోజనానికి పరిచిన గుడ్డమీద మైదా రొట్టెలే. ఇదేమిటి అక్కా అంటే, “కూర్చో డాక్టరమ్మా! ముందు తిను, తరువాత తిడుదువుగాని” అంటుంది. నేను తుంచేదాకా తాను ముట్టదు. తుంచాక నాతో సమానంగా తింటుంది. ఒకరోజు తినకుండా లేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుని కట్టు విప్పనివ్వలేదు. మైదా ఎక్కడిదని అడిగితే, “మా ఇంటి డబ్బాలు కూడా పరీక్ష చేస్తావా?” అని మూతి తిప్పింది. అక్కమీది ప్రేమకొద్దీ మీరే పంపుతున్నారేమోనని అనుమానించాను.

మీ మాటైతే వింటుంది. ఒక్కసారి దిగివచ్చి గట్టిగా చెప్పండి.

ఇట్లు,
మీ చెల్లెలి వంటి
మవ్లూదా

తా.క.: ఉత్తరం మడిచాక, మీ అక్క పొరుగింటి సఫర్‌మో ఆసుపత్రికి వచ్చింది. మీ అక్క తనకోసం కాల్చుకునేది మీ పిండి రొట్టేనట. బజారులో కొని దాచిన మైదా డబ్బా మూత తీసేది నేను వచ్చే రోజున మాత్రమే. “అంత చదువుకున్న పిల్ల గడప తొక్కితే కరువునాటి రొట్టె పెడతానా?” అన్నదట. మిగిలింది పారవేయడం పాపమని మరునాడూ అదే తింటుందట. నా రాకలు మూడు; ఆమెకు మైదా తిండి ఆరు రోజులు. మిమ్మల్ని అనుమానించినందుకు క్షమించండి. వెళ్ళడం మానితే కట్టు మార్చేవారు లేరు. మీరు వచ్చి ఆమెకు ఏమని చెప్పాలో ఇప్పుడు నాకు తోచడం లేదు. రేపు నేను వెళ్ళవలసిన రోజు. ఈపాటికి పిండి కలిపి ఉంటుంది.