కాఫీకి రెండు దీర్ఘాలు

శ్యామలా,

నీ సంవత్సరీకానికి గుడివాడ నుంచి మీ అక్క మొగుడు దిగబడ్డాడు. ఇంగ్లీషు లెక్చరరుగా రిటైరైనా ఇంకా మన బందరు నోళ్లు దిద్దుతూనే ఉన్నాడు. పురోహితుడు "మా అబ్బాయి ఆఫీసుకెళ్లాడండీ" అంటే, "ఒఫిస్ అనండి, అన్ని దీర్ఘాలెందుకూ?" అన్నాడు.

నువ్విచ్చిన గ్లాసు పట్టుకునే, "కాఫీ కాదమ్మా, కొఫి. రెండూ హ్రస్వాలే" అని పదిమందిలో నిన్ను నవ్వులపాలు చేసిన మనిషి. ఆ తర్వాత నువ్వు అతని ఎదుట ఆ మాటే పలకలేదు. "అది తెస్తానండీ" అనేదానివి. నాకు ఆ మంట ఇప్పటికీ ఆరలేదు.

ఇవాళ భోజనాలయ్యాక నేనే కలిపి ఇచ్చాను. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇదేం కొఫి అయ్యా! శ్యామల ఇచ్చేది చూడూ, అదీ కాఫీ అంటే!"

రెండు దీర్ఘాలూ పడ్డాయి. రెండోదాన్ని ఇంకాస్త సాగదీశాడు కూడా.

"హ్రస్వం అన్నగారూ, దిద్దుకోండి" అన్నాను, ఎన్నాళ్లకో చిక్కాడని.

"దిద్దుకోనయ్యా. ఆవిడ కాఫీకి దీర్ఘాలు ఉండాల్సిందే" అన్నాడు.

సిద్ధంగా ఉంచుకున్న వెటకారాలన్నీ మింగేశాను. అతను వదిలేసిన గ్లాసు కూడా నేనే తాగాను. నిజమే, బాగా లేదు.