పటం మీది ఎర్ర గుండుసూది

అనంతపురం,
కార్తీక సోమవారం.

అక్కకు, నీ చెల్లెలు నాగలక్ష్మి పాదాలకు మొక్కి రాయునది.

నువ్వూ బావా ఎలా ఉన్నారు? బావ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? కదిరి నరసింహస్వామి దయ వల్ల నా ఒంటికి ఏ జబ్బూ లేదు. మిగతాది చదివి నువ్వు భయపడకూడదని ఆ మాట ముందే రాస్తున్నాను.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. నేను ఫోను చేయగానే నువ్వు స్పీకరు పెట్టి అరుగు మీద ఉంచుతావు. బావ వింటాడు, పక్కింటివాళ్లు వింటారు, దారిన పోయేవాళ్లు కూడా "ఏం నాగమ్మా, బాగుండావా?" అని అరిచి పోతారు. అందరి ముందూ "బాగుండాను" అనడం తప్ప నాకు వేరే మాట రాదు. దసరా నుంచి ఆ మాట కూడా నోట రాక ఫోను చేయడమే మానేశాను. అందుకే ఇన్నేళ్లకు పెన్ను పట్టాను. ఇది నువ్వొక్కదానివే చదువు.

మా ఆయన పోయి, రెండో బోరూ ఎండిపోయాక నేను ఇక్కడ సారు ఇంట్లో వంటపనికి వచ్చి ఏడాదిన్నర అయింది. అనంతపురమే కదా, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మీ దగ్గర ఉంటాననుకున్నాను. ఒక్కసారైనా రాలేకపోయాను. సారును ఒంటరిగా వదిలి రావడానికి మనసొప్పలేదు. సారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారని నీకు తెలుసు. భార్య లేరు. కూతురు వాణమ్మ బెంగళూరులో ఉంది. సారుకు షుగరు, గుండెజబ్బు కాబట్టి నేను రాగి సంగటి, జొన్నరొట్టె, ఉప్పు తక్కువ వేసి ఆకుకూరలు చేసిపెడతాను. తిండికీ పడకకూ నాకు లోటు లేదు. ఇంట్లో మాట్లాడే మనిషి సారొక్కరే. ఇప్పుడు ఆయనా మాట్లాడటం లేదు.

మేడమీది గదిలో ఆయన చిన్న రైళ్లు ఉన్నాయని చెబితే బావ ఫోనులో నవ్వాడు కదా, "ముసలాయనకు బొమ్మలేందే" అని. అవి సంతలో కొనే బొమ్మలు కావక్కా. గదంతా బల్లలు, వాటి మీద కరెంటు పారే రెండు వేళ్ల వెడల్పు పట్టాలు, గుప్పిట్లో పట్టే ఇంజన్లు. స్టేషను, ఎర్రనేల, బండరాళ్ల గుట్టలు, వాడిన చెనక్కాయ చేను, అన్నీ మన వైపువే. జిగురు పోసి నీళ్లలా మెరిసే చెరువు కూడా చేశారు. "ఈ జిల్లాలో ఎండని చెరువు ఇదొకటే నాగమ్మా. దీనికి మాత్రం నువ్వు గంగపూజ చేయొద్దు" అని ఎగతాళి చేసేవారు. ఇక్కడి గాలికి గంటకోసారి దుమ్ము పడుతుంది. రోజూ పెయింటు కుంచెతో ఒక్కొక్క పెట్టె మీదా దుమ్ము తుడవడం నా పని.

గోడకు పెద్ద ప్రపంచ పటం ఉంది. ఇట్లాంటి రైళ్లు చేసుకునే స్నేహితులు ఆయనకు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మీద పసుపుపచ్చ గుండుసూది గుచ్చారు. ఒకరోజు అడిగాను, "ఇంతమంది పెద్దోళ్లు రైళ్లు ఆడతారా సారూ?" అని.

"ఆడతారమ్మా. జర్మనీలో చూడు, సూది పెట్టేకి చోటు లేదు. ఇంగ్లండోళ్లు పెరట్లో కొట్టం కట్టుకోని ఆడతారు. జపానోళ్ల ఇండ్లు చిన్నవి, రైళ్లు ఇంకా చిన్నవి. అమెరికాలో ఇంటి కింద ఇంకో ఇల్లు ఉంటాది, అదంతా పట్టాలే."

"మన దేశంలో ఇంత తక్కువేంది సారూ?"

"బెంగళూరులో నలుగురు, పూనాలో ఇద్దరు, మద్రాసులో ఒగాయప్ప. నాకు తెలిసినోళ్లు అంతే. వానకో మంచుకో ఇంట్లో కూసోవాల్సిన దేశాల్లోనే ఈ పిచ్చి ఎక్కువమ్మా. మనకు వాన యాడుండాది, ఇంట్లో కూసోనీకి?" అని నవ్వారు.

అనంతపురం మీద ఒకే ఒక్క సూది. అది ఎర్రది, సారుది. ఆ పటం దులిపినప్పుడల్లా మన ఊరివాళ్లకూ ఇట్లా గుచ్చితే ఎలా ఉంటుందా అనుకునేదాన్ని. బెంగళూరులో గుత్తులు గుత్తులుగా, కేరళలో కొన్ని, కువైటులో కొన్ని. మన ఊరి మీద నువ్వూ బావా, ఇంకో నలుగురు ముసలివాళ్లూ.

స్నేహితులెవరైనా చనిపోతే సారు ఆ సూది తీసేస్తారు. చిల్లు మాత్రం ఉండిపోతుంది. పోయినేడు జర్మనీలో ఒక పెద్దాయన పోయారు. పోయేముందు మూడేళ్లు కూర్చుని స్వహస్తాలతో చేసిన నల్ల ఆవిరి ఇంజనును సారుకు పంపారు. ప్రతి ఆదివారం సారు కంప్యూటరులో ఆ దేశాలవాళ్లందరికీ మన స్టేషను చూపించేవారు. ముందు ఆ నల్ల ఇంజనే కదిలేది. అప్పుడు సారు ముఖం చూస్తే, ఈయనకు గుండెజబ్బు ఉందంటే ఎవరూ నమ్మరు.

అక్కా, ఆ ఇంజనును నేను పాడుచేశాను.

ఆయుధపూజకు ముందురోజు వాణమ్మ వచ్చి గుండె పరీక్షలకని సారును బెంగళూరు తీసుకుపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే. మనం దున్నే మడకకూ బోరు మోటారుకూ పసుపు పెట్టి మొక్కేవాళ్లం కదా. ఈయనకు ఈ రైళ్లే ప్రాణం, వీటికి పూజ చేస్తే ఆ ప్రాణం నిలబడుతుందనుకున్నాను. పండగనాడు ఒక్కపొద్దు ఉన్నాను. ఇంజన్లన్నీ తడిగుడ్డతో తుడిచి, పసుపు కలిపి పూసి, కుంకుమ పెట్టి, బంతిరేకులు గుచ్చి దండలు వేశాను. చక్రాల కింద నిమ్మకాయ పట్టదు. అందుకని సన్నటి చెక్కలుగా కోసి పట్టాల మీద పెట్టి, చేత్తో నెట్టి తొక్కించాను. నల్ల ఇంజనుకు మూడుసార్లు తొక్కించాను. అన్నిటికన్నా దానికే ఎక్కువ పసుపు.

మరునాడు సారు వచ్చీ రాగానే చెప్పులైనా విడవకుండా పైకి పోయారు. స్విచ్చి వేస్తే ఏదీ కదల్లేదు. కాసేపటికి నల్ల ఇంజను నుంచి కమురు వాసన వచ్చింది.

"ఏం చేసినావు నాగమ్మా?"

"పూజ చేసినాను సారూ. మీకు బాగుండాలని."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. వెనకే వచ్చిన వాణమ్మ తలకొట్టుకుంది. "ఏం నాగక్కా, ఈటికి నిమ్మకాయ తొక్కిస్తారా ఎవరన్నా? లారీ అనుకుంటివా?" అంది.

"ఊరుకో వాణీ," అన్నారు సారు. "మనం బొమ్మలంటాం. ఆమె దేవుడనుకునింది."

తిట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. మూడు రోజులు ఆయన పట్టాలన్నీ తుడిచారు. మిగతా ఇంజన్లు కొన్ని కదిలాయి. నల్లదాని లోపల వెంట్రుకకన్నా సన్నటి తీగె కాలిపోయిందట. అట్లా చుట్టగలిగిన మనిషి ఇప్పుడు లేడట. నాలుగో రోజు నుంచి సారు మెట్లెక్కలేదు. ఆదివారం కంప్యూటరు మోగుతుంది, మోగి మోగి ఆగిపోతుంది. సంగటి ముద్ద సగం వదిలేస్తున్నారు. వచ్చేనెల ఇల్లు తాళం వేసి నాయనను తీసుకుపోతానని వాణమ్మ అంటోంది. సారు వద్దని కూడా అనలేదు. తర్వాత నేను ఎక్కడికి పోవాలో తెలియదు. మన ఇంటి పైకప్పు సగం కూలిందని నువ్వే చెప్పావు. దాని గురించి కూడా నాకు ఏడుపు రావడం లేదక్కా.

పొద్దునా సాయంత్రం దీపం పెడుతున్నాను. స్వామి ముందు కూర్చుంటే అడగడానికి నోరు రావడం లేదు. ఆయన బాగుండాలని మొక్కిన మొక్కే ఆయన్ను ఇట్లా చేసింది. ఇంకేమని మొక్కేది? నాకు ఈసారి కదిరి కుంకుమ పంపొద్దు. ఉలవలుంటే శేరు పంపు. సారుకు ఉలవకట్టు ఇష్టం, అదైనా నాలుగు ముద్దలు తింటారేమో.

ఈ పొద్దున దుమ్ము తుడవడానికి పైకి పోతే పటం మీద ఎర్ర సూది లేదు. అనంతపురం మీద చిల్లే ఉంది. సారు రాత్రి ఎప్పుడు ఎక్కి వచ్చారో నాకు తెలియదు. సూది ఆ జిగురు చెరువు గట్టు మీద పడుంది. కిందికి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"పారేయమ్మా," అన్నారు. "ఆ ఊర్లో రైళ్లు ఆడేటోళ్లు ఇప్పుడెవరూ లేరు."

పారేయడానికి నాకు చేయి రాలేదు. తిరిగి గుచ్చడానికి నేనెవరిని?

బావకు నా నమస్కారాలు చెప్పు. ఊళ్లో పెద్దలందరికీ నా దండాలు. అడిగినవాళ్లకు నేను బాగున్నానని చెప్పు. నువ్వు మాత్రం నా కోసం ఒక దీపం పెట్టి, సారు పేరు చెప్పి మొక్కు. నీ మాటైనా స్వామి వింటాడు.

ఈ కాగితాలు ఎవరికీ చూపొద్దక్కా, బావకు కూడా. చించొద్దు, పొయ్యిలో వేయొద్దు. అమ్మ పెట్టెలో అడుగున దాచు. వీటికి గుచ్చిన ఎర్ర సూది ఆ సూదే. సారు ఎప్పుడైనా అడిగితే పంపమని రాస్తాను. అడిగేదాకా దాన్ని తీయకుండా అట్లే ఉంచు.

నీ చెల్లెలు,
నాగలక్ష్మి